కారణాంకాలు

2018 చివర్లో, 2019 మొదట్లో నేను డబ్బు కోసం రెండు అనువాదాలు చేశాను. రెండూ కాలేజీ పిల్లల కోసం వేసే చిన్న పుస్తకాలు. ఒకటి పెద్ద సంఖ్యల్ని కారణాంకాలుగా విడగొట్టే పద్ధతుల మీద. రెండోది క్యాన్సర్ కణాల ప్రవర్తన మీద. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తున్నదానికి ఈ రెండూ ఎందుకు అంటే, వాళ్ళకి మనిషి కావాలి, నాకు డబ్బు కావాలి, అంతే. అమ్మని పదహారుసార్లు కీమోకి తీసుకెళ్ళాల్సి ఉంది. ఆసుపత్రి ఖర్చు ఆరోగ్యశ్రీ చూసుకుంది. బస్సు చార్జీలు, గుంటూరులో గది అద్దె, బయట రాసే పరీక్షలు, అమ్మకి ఏది తిన్నా వాంతవుతుంటే ఏదో ఒకటి తినిపించాలని కొనే పళ్ళు, వీటికి కార్డు లేదు.

మా ఊరు చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య నల్లరేగడి నేలల్లో ఉంది. నేను పుట్టినప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మాకు మూడెకరాలు సొంతం, రెండు కౌలు. ఒక ఏడాది పత్తి, ఒక ఏడాది మిర్చి, చాలా ఏళ్ళు రెండూ. అమ్మ మా చేలో పని అయ్యాక పక్క చేలకి కూలికి కూడా వెళ్ళేది. పదో తరగతిలో లెక్కల్లో స్కూలు ఫస్టు వచ్చిన మనిషి. 1988లో, పదిహేడేళ్ళకి పెళ్ళి చేశారు. కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన భాగం ఉందని మన రాష్ట్రంలో 1985 నుంచే చట్టం చెప్తోంది. అప్పటికి పెళ్ళికాని పిల్ల కాబట్టి అమ్మకీ వర్తిస్తుంది. ఇచ్చింది మాత్రం పసుపు కుంకుమ కింద అర ఎకరం. అన్నయ్యని గుంటూరులో ఎంపీసీలో చేర్చినప్పుడు ఆ అర ఎకరం అమ్మేశారు. మరుసటేడు నా వంతు వచ్చేసరికి అమ్మడానికి ఇంకేమీ లేక నేను పేటలో హెచ్ఈసీలో చేరాను. నాకు సాహిత్యమంటే ఇష్టం కాబట్టి ఇటొచ్చానని ఇంటర్వ్యూల్లో చెప్పేదాన్ని. అబద్ధమేమీ కాదు, ఆ ఇష్టం తర్వాత నిజంగానే వచ్చింది.

లెక్కల మీద ఇష్టం మాత్రం చాలా ముందునించీ ఉంది, అదీ అమ్మ దగ్గర్నించే. చిన్నప్పుడు కరెంటు పోతే మా ఇంట్లో కథలుండేవి కావు, చింతపిక్కలుండేవి. గుప్పెడు పోసి సమానమైన వరసల్లో పేర్చమనేది. పన్నెండు పిక్కలైతే మూడు వరసలు నాలుగేసి, లేదంటే రెండు వరసలు ఆరేసి. పదమూడైతే ఎంత తిప్పినా ఒకటే పొడుగు వరస. అలా వరసల్లోకి రానివాటిని అమ్మ మొండివి అనేది. బళ్ళో ప్రధాన సంఖ్యలు చెప్పినప్పుడు నేను లేచి, ‘ఇవి మొండివి సార్’ అంటే క్లాసంతా నవ్వింది. మిర్చి కల్లాంలో కాయలు ఆరబోసి తాలు ఏరేటప్పుడూ, కూలోళ్ళు ముచ్చికలు తీసిన కాయల్ని కాటా వేసేటప్పుడూ అమ్మ మనసులో ఏదో ఒక సంఖ్యని విరగ్గొడుతూనే ఉండేది.

2017 నవంబరులో పత్తి తీస్తూ ఎడమ రొమ్ములో గడ్డని చేత్తో పట్టుకుంది. మాకు చెప్పింది 2018 జూలైలో. ఎనిమిది నెలలు. పత్తి అయ్యాక మిర్చి కోతలొచ్చాయి, కోతలయ్యాక యార్డులో రేటు లేదని టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టారు, అవి అమ్ముడుపోయి అప్పులోళ్ళకి కట్టాక చెప్పింది. ఆ ఎనిమిది నెలలూ నేను హైదరాబాదులో నా థీసిస్‌లో మూడో అధ్యాయం రాస్తున్నాను. విషయం తెలుగు స్త్రీల రచనల్లో శరీరం. 1993లో వచ్చిన ‘నీలి మేఘాలు’ దగ్గర్నించి మొదలుపెట్టి రొమ్ముల గురించి, వాటిని పురుషుడి చూపు నుంచి విడిపించుకోవడం గురించి నలభై పేజీలు రాశాను. ఫోన్లో అమ్మకి ఆ పేజీల సంగతి చెప్పేదాన్ని కూడా. ‘రాయి రాయి’ అనేది.

బయాప్సీ రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. డాక్టరు నాన్నతోనూ, బెంగళూరు నుంచి సెలవు మీద వచ్చిన అన్నయ్యతోనూ మాట్లాడాడు. ఆమెకి పూర్తిగా చెప్పక్కర్లేదులే అని ముగ్గురూ అనుకున్నారు. అందులో ‘ఈస్ట్రోజన్ రిసెప్టర్ పాజిటివ్’ అంటే ఏమిటో నాకూ తెలియలేదు. శరీరం మీద నలభై పేజీలు రాసినదాన్ని, ఆ శరీరం మీద రాసిన ఒక్క పేజీ చదవలేకపోయాను. మన స్త్రీవాద సాహిత్య విమర్శలో శరీరం చాలా ఉంది, కణం లేదు. లెక్కలైతే అసలే లేవు. అవి మనవి కాదని ఎవరో చెప్తే, మనం ఆ మాటని మర్యాదగా ఒప్పేసుకున్నాం. ఈ ఫిర్యాదు ముందు నా మీద నాకే.

కాబట్టి కణాల పుస్తకం నాకు పని కంటే ఎక్కువయింది. మామూలు కణానికి కొన్ని మర్యాదలుంటాయి. విభజన చెందమని బయటినించి కబురొస్తేనే చెందుతుంది. గాజుపళ్ళెంలో పెంచితే పక్క కణాన్ని తాకేదాకా పెరిగి ఆగిపోతుంది. మరమ్మతు చేయలేనంత దెబ్బ తగిలితే తనని తాను చంపుకుంటుంది. క్యాన్సర్ కణం కబురు లేకుండా విభజన చెందుతుంది, పక్కకణాన్ని తాకినా ఆగక ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది, చావదు, రక్తనాళాల్ని తనవైపు రప్పించుకుంటుంది, హద్దులు దాటి వేరే అవయవాల్లో కాపురం పెడుతుంది. హనహాన్, వైన్‌బర్గ్ అనే ఇద్దరు 2000లో ఇలాంటి గుణాలు ఆరు అని వరసపెట్టి, 2011లో మరికొన్ని చేర్చారు. దీన్ని తెలుగు చేస్తుంటే నా కలానికి వచ్చిన మాటలు చూడండి: మాట వినని, దారి తప్పిన, కట్టు తప్పిన, హద్దు మీరిన, చెడిన. మాట వినని ఆడపిల్ల గురించి మా ఊరి అరుగుల మీద వినపడే మాటలన్నీ. అవన్నీ కొట్టేసి మళ్ళీ రాశాను. సుసాన్ సొంటాగ్ 1978లోనే జబ్బుని రూపకం చేయొద్దని పుస్తకం రాసింది, నేను దాన్ని రెండుచోట్ల ఉటంకించాను కూడా. ఉటంకించడం వేరు, వాక్యం రాసేటప్పుడు చెయ్యి దానికదే ఎటు పోతుందో అది వేరు.

కారణం అనే మాట దగ్గర ఇంకా చిక్కు వచ్చింది. అమ్మ జబ్బు తెలిసిన దగ్గర్నించీ ఇంటికొచ్చిన ప్రతి మనిషీ ఒక కారణం తెచ్చారు. పిల్లలకి పాలు సరిగ్గా ఇచ్చుండదని మా మేనత్త. (ఇద్దరికీ రెండేళ్ళ చొప్పున ఇచ్చింది. పాలివ్వడం ముప్పుని కొంత తగ్గిస్తుందన్నది నిజమే, ఇవ్వకపోతే వస్తుందని కాదు.) సెల్‌ఫోను రవికెలో పెట్టుకుంటదని ఎదురింటావిడ. వేళకి తినదని ఒకరు, ప్రతిదీ మనసులో దాచుకుంటదని ఒకరు, పోయిన జన్మలోదని గుడి దగ్గర పూలమ్మే మామ్మ. ఒక్క నాన్న మాత్రం, ఎవరూ లేనప్పుడు, ‘పత్తికి మందు కొట్టేప్పుడు అదే కదా నీళ్ళు కలిపి మోసింది’ అన్నాడు. పోగేసి చూస్తే మందు తప్ప మిగతావన్నీ అమ్మ నడతలోంచి తీసినవే. నేనేం తక్కువ తినలేదు. మొదటి కీమో రోజున క్యూలో నిలబడి, ‘ఎనిమిది నెలలు ఎందుకు దాచావమ్మా, అప్పుడే చెప్పుంటే ఇంతయ్యేది కాదుగా’ అని అడిగాను. అడగలేదు, నిలదీశాను. అమ్మ నావైపు చూడకుండా చేతిలో టోకెన్ చూసుకుని ‘యాభై ఏడు. మూడు పందొమ్మిదులు’ అంది.

ఆ వార్డులో నాలుగైదు గంటలు కూర్చోవాలి. మొదటి నాలుగు సైకిళ్ళలో ఎక్కించేది ఎర్రగా ఉంటుంది, డాక్సోరూబిసిన్. అందరూ ఎర్ర మందనే అంటారు. అది ఎక్కించాక మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ‘మిరపకాయలు కడిగిన నీళ్ళల్లే ఉంది’ అంది అమ్మ. పక్కన కూర్చుని నేను లెక్కల పుస్తకం తెలుగు చేసేదాన్ని. అర్థంకాని చోట పైకి చదివేదాన్ని. అలా అమ్మ కూడా ఆ పుస్తకం చదివినట్టయింది.

ఇంగ్లీషులో ‘ఫ్యాక్టర్’ అనే మాటకి మనం కారణాంకం అంటాం. ఒక సంఖ్య ఎందువల్ల తయారైందో ఆ అంకెలు. ఇంత మంచి మాట ఎవరు పెట్టారోగానీ, అమ్మ దాన్ని పట్టుకుంది. ‘లెక్కల్లో అయితే కారణం దొరుకుద్దన్నమాట.’ దొరుకుతుంది. ప్రతి సంఖ్యకీ మొండి కారణాంకాల జట్టు ఒక్కటే ఉంటుంది, ఎవరు విరగ్గొట్టినా అవే ముక్కలొస్తాయి. కాకపోతే దొరకడం కష్టం. రెండు పెద్ద మొండి సంఖ్యల్ని హెచ్చించడం క్షణంలో పని, వచ్చినదాన్ని తిరిగి విడగొట్టడానికి కంప్యూటర్లు కూడా చాలవు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్మన్ తయారుచేసిన రహస్య లిపి ఈ కష్టం మీదే నిలబడింది.

నన్ను పది రోజులు ఆపేసింది హెండ్రిక్ లెన్‌స్ట్రా పద్ధతి. డచ్చాయన. 1985లో ఆలోచన చెప్పి, 1987లో అచ్చువేశాడు. దీనికి వాడేవి ఎలిప్టిక్ వక్రాలు. ఎలిప్స్ అంటే మన ఇంటర్ పుస్తకాల్లో దీర్ఘవృత్తం, కానీ ఇవి దీర్ఘవృత్తాలు కావు, పేరే అలా అంటుకుంది. ఒకవైపు వై వర్గం, ఇంకోవైపు ఎక్స్ ఘనంతో మొదలయ్యే సమీకరణం. దాని మీద రెండు బిందువుల గుండా గీత గీస్తే మూడోచోట తగులుతుంది, దాన్ని అడ్డగీతకి అవతలివైపుకి తిప్పితే వచ్చే బిందువుని ఆ రెంటి మొత్తం అంటారు. బిందువుల్ని కూడా సంఖ్యల్లా కూడొచ్చన్నమాట. ఇంతవరకూ తెలుగు చేశాను. విడగొట్టడం ఇందులో ఎక్కడుందో అందలేదు.

వామనగుంటల దగ్గర అందింది. రిపోర్టు కవరు వెనక గుండ్రంగా పదిహేను గుంటలు గీశాం. సున్నా గుంటలో మొదలుపెట్టి ఆరేసి గుంటలు దూకుతూ పోతే ఆరు, పన్నెండు, మూడు, తొమ్మిది, మళ్ళీ సున్నా. ఐదు గుంటలే తిరిగాం, పది మిగిలిపోయాయి. అదే పదమూడు గుంటలైతే ఎంతేసి దూకినా అన్నీ తిరిగి గానీ మొదటికి రాం. ‘మొండిది కాదు గనక లోపల మూడు దాక్కోనుంది. ఆరులోనూ మూడుంది. అందుకని ఇరుక్కుంది’ అంది అమ్మ. ఆ ఇరుక్కోవడమే లెన్‌స్ట్రాకి కావాలి. వక్రం మీద బిందువుల్ని కూడాలంటే ప్రతిసారీ ఒక భాగహారం చేయాలి. మనం విడగొట్టాల్సిన పెద్ద సంఖ్య మొండిదే అనుకుని, దాని గుంటల్లోనే ఆ భాగహారాలు చేసుకుంటూ పోతాడు. అది నిజంగా మొండిదైతే భాగహారం సాగుతూనే ఉంటుంది. లోపల ఏదైనా దాక్కుని ఉంటే ఎక్కడో ఒకచోట భాగహారం కుదరకుండా పోతుంది. అలా కుదరని అంకెకీ మన సంఖ్యకీ ఉమ్మడిగా ఉన్నదే కారణాంకం. అందరూ లెక్క తప్పిందని చెరిపేసే చోట ఆయన ఆగి చూస్తాడు. ఇరుక్కోకపోతే వక్రాన్ని మారుస్తాడు. వక్రం మారితే బిందువుల సంఖ్య మారుతుంది, అది చిన్న చిన్న ముక్కలుగా విరిగే సంఖ్య అయినప్పుడు త్వరగా ఇరుక్కుంటుంది. వందలు, వేలు వక్రాలు మార్చాల్సి రావచ్చు. 2013లో ఈ పద్ధతితో 83 అంకెల కారణాంకాన్ని పట్టుకున్నారు.

‘ఎనభై మూడు కూడా మొండిదే’ అంది అమ్మ.

అదే పుస్తకంలో ఒకచోట మారుతి రామ్ మూర్తి అనే పేరు వచ్చింది. వెతికితే ఆయన 1953లో గుంటూరులో పుట్టాడు, కెనడాలో ప్రొఫెసరు, ఎలిప్టిక్ వక్రాల మీద చాలా పని చేశాడు. అమ్మకి చెప్తే సెలైను చెయ్యి ఎత్తబోయింది, ‘మన గుంటూరాయనా!’ అని. రాజీవ్ గుప్తాతో కలిసి ఆయన 1984లో నిరూపించినదానిలో మా గుంటల ఆట లాంటిదే ఉంది. కూడటం బదులు ఒక అంకెతో హెచ్చిస్తూ పోతే, సున్నా తప్ప మిగతా గుంటలన్నీ తిరుగుతామా, అలా తిరిగే మొండి గుంటలు లెక్కలేనన్ని ఉంటాయా అనేది ప్రశ్న. ఉంటాయని ఆర్టిన్ అనే ఆయన ఎప్పుడో ఊహించాడు. అలా తిరిగించే అంకెలు ఉన్నాయని వీళ్ళు నిరూపించారు. ఏ అంకె అంటే మాత్రం చెప్పలేరు. 1986లో హీత్ బ్రౌన్ ఇంకా ముందుకెళ్ళి, రెండు, మూడు, ఐదు, ఈ మూడింటిలో కనీసం ఒకటి అలాంటిదని తేల్చాడు. ఏదో ఈరోజుకీ తెలియదు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ముగ్గుర్లో ఒకడు దొంగని తెలుసుద్ది, ఎవుడో తెలవదు. ఎవుణ్ణీ పట్టుకోను లేం, వదలను లేం’ అంది. అప్పుడు తనే మొదటిసారి మందుల సంగతి ఎత్తింది. పత్తికి పచ్చపురుగు పడ్డ ఏళ్ళలో వారానికి రెండుసార్లు కొట్టేవాళ్ళట. డబ్బా మూత పళ్ళతో తీసేదట. కడుపుతో ఉన్నప్పుడు కూడా నీళ్ళు మోసిందట. ఎండోసల్ఫాన్‌ని సుప్రీంకోర్టు 2011లో ఆపింది. మలాథియాన్‌నీ, గ్లైఫోసేట్‌నీ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బాగా ఉన్నవాటిలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో చేర్చింది. అయినా ఫలానా చేలో ఫలానా మందు ఫలానా ఆడమనిషి గడ్డకి కారణమని ఏ డాక్టరూ కాగితం మీద రాసివ్వడు, రాయలేడు కూడా. ఒక కణం చెడు కణం కావాలంటే (చూశారా, మళ్ళీ ‘చెడు’) దాని జన్యువుల్లో చాలా మార్పులు ఏళ్ళ తరబడి పోగుపడాలి. కొన్ని పుట్టుకతో, కొన్ని గాలీ నీళ్ళూ తిండీ పని వల్ల, కొన్ని కణం తనని తాను నకలు చేసుకునేటప్పుడు పడే అచ్చుతప్పుల వల్ల. సంఖ్యకి ఉన్నట్టు ఒకే జట్టు కారణాంకాలు దీనికి లేవు. ఒకే గడ్డకి రెండు మూడు రకాల లెక్కలు సరిపోతాయి. ఆ ఖాళీలోకే మా మేనత్తా, ఎదురింటావిడా, నేనూ దూరాం.

కణాల పుస్తకంలో నాకు ఇష్టమైన మనిషి మేరీ క్లెయిర్ కింగ్. కాలేజీలో లెక్కలు చదివి జన్యుశాస్త్రానికి వచ్చింది. రొమ్ము క్యాన్సరు కొన్ని కుటుంబాల్లో ఒకే జన్యువు వల్ల రావొచ్చని అంటే పెద్దగా ఎవరూ నమ్మని రోజుల్లో, కుటుంబం తర్వాత కుటుంబం లెక్కలు వేస్తూ పోయి, 1990లో ఆ జన్యువు 17వ క్రోమోజోము మీద ఎక్కడుందో చూపించింది. ఇప్పుడు దాన్నే బీఆర్‌సీఏ1 అంటున్నారు. అర్జెంటీనాలో సైనిక ప్రభుత్వం మాయం చేసిన బిడ్డల పిల్లల్ని వెతుక్కుంటున్న అమ్మమ్మలకి, నాయనమ్మలకి జన్యుపరీక్షలతో సాయం చేసింది కూడా ఈమే. రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశంలో వచ్చేవి నూటికి ఐదు నుంచి పది. అది తల్లి వైపు నుంచే కాదు తండ్రి వైపు నుంచీ రావొచ్చు, కొడుక్కైనా కూతురికైనా సగానికి సగం అవకాశం. మా ఇళ్ళల్లో నేను చూసిన సమానమైన పంపకం ఇదొక్కటే. ఆ పరీక్ష అమ్మకి చేయించడానికి అప్పుడు డబ్బు లేదు, తర్వాత చేయించాం. లేదని వచ్చింది. ‘అయితే నీకు నేనిచ్చింది కాదు’ అని ఊపిరి పీల్చుకుంది. అన్ని నెలలూ ఆమె మోస్తున్న కారణం అదని నాకు అప్పుడు తెలిసింది.

పుస్తకంలో మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గురించి ఒక పెట్టె కట్టి వేశారు. భీమవరంలో పుట్టి, అమెరికాలో ఫోలిక్ ఆమ్లం మీద పని చేసి, దానికి విరుగుడుగా పనిచేసే మందులకి దారి వేసినవాడు. వాటితోనే 1947-48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లల్ని కొన్నాళ్ళైనా తేరుకునేలా చేశాడు. మెథోట్రెక్సేట్ ఆ వరసలోదే. 1948లో న్యూయార్క్‌లో చనిపోయేదాకా ఆయన తిరిగి రాలేదు. ఇక్కడ భార్య శేషగిరి ఎదురుచూస్తూ ఉండిపోయింది, పుట్టిన ఒక్క కొడుకూ నెలల పిల్లాడిగానే పోయాడు. చదువుకి వెళ్ళడానికి డబ్బు పెట్టింది ఆమె తండ్రి. పెట్టెలో ఆమె పేరు లేదు. ఒక వాక్యం కలిపాను. అనువాదకురాలు కలపకూడదని తెలుసు. అచ్చులో ఆ వాక్యం తీసేశారు.

అచ్చులో తీసేసినది ఇంకొకటి కూడా ఉంది. ప్రధాన సంఖ్య అన్న చోట మొదటిసారి ‘కొందరు వీటిని మొండి సంఖ్యలంటారు’ అని రాశాను. సంపాదకుడు ఫోన్ చేసి, ఎవరండీ ఆ కొందరు, ఏ ప్రాంతం వాడుక, ఆధారం ఉందా అని అడిగాడు. మా అమ్మ అని చెప్పలేకపోయాను.

2019 మార్చిలో కీమో అయింది, తర్వాత రేడియేషన్. ఐదేళ్ళు టామోక్సిఫెన్ వేసుకుంది, 2024లో ఆపారు. ఇప్పుడు ఏడాదికోసారి చూపించుకుంటే చాలన్నారు. జుట్టు నెరిసి, వంకీలు తిరిగి వచ్చింది. పత్తికి వెళ్ళొద్దంటే వింటుంది, మిర్చి కల్లానికి వెళ్ళొద్దంటే వినదు. ఎనిమిది నెలలు ఎందుకు దాచావని నేను మళ్ళీ అడగలేదు. ఒకసారి తనే చెప్పింది, అడక్కుండానే. ఆ ఏడు టిక్కీలు అమ్మకముందు చెప్తే నాన్న వచ్చిన రేటుకి అమ్మేసేవాడట, అప్పు తీరేది కాదట, ఆ అప్పులో నా హాస్టలు డబ్బు కూడా ఉందట.

మొన్న చెకప్‌కి వెళ్ళినప్పుడు టోకెన్ నేనే తెచ్చాను. 133. చూడగానే ‘మొండిది’ అన్నాను. అమ్మ కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని చూసి, ‘ఏడు పందొమ్మిదులే పిచ్చిమొకమా’ అంది.